సున్నం తప్పేమీ లేదు

పెడన,
విళంబి మాఘం, 1959.

చిరంజీవి తాతారావుకు,

నీ అక్క వెంకాయమ్మ దీవించి రాస్తున్నది. దీవెన అలవాటు కొద్దీ పడింది గానీ కోపం తగ్గి కాదు. ఆ తర్వాత, ఇక్కడ మేమంతా కులాసా, అక్కడ నువ్వూ కులాసా అని తలుస్తాను అని రాయాలి గదా. మొదటి సగం రాస్తాను. మేమంతా కులాసాయే. రెండో సగం రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. కులాసాగా లేనని నీ చేత్తో నువ్వే రాసి, ఆ పక్క వాక్యంలోనే పొగాకు పంపమన్నావు. నీలాంటివాడికి ఏమని రాయాలో మన పెద్దవాళ్ళెవరూ నాకు నేర్పలేదు.

నువ్వు అడిగినవాటికి అడిగిన వరసలోనే జవాబు చెబుతాను. లేకపోతే మా అక్క అసలు సంగతులు వదిలేసి తిట్ల దండకం ఎత్తుకుంది అని ఆ బొంబాయి గదిలో నీ తోటివాళ్ళకు చదివి నవ్విస్తావు. దండకం వస్తుంది, తొందరపడకు.

గేదె ఈనింది. పెయ్యదూడ. నుదుట తెల్లచుక్క ఉంది. గేదె పాలు దండిగానే ఇస్తోంది గానీ తన్నుతోంది, అదీ మన ఇంటి ప్రాణే గదా. వంటింటి పెంకులు సర్దించాను. ఇక కారితే ఆ పెంకులవాడి పాపం. మగ్గం ఖాళీగా ఉంచవద్దని రాశావు. ఖాళీగా ఎందుకుంటుంది? నీ భార్య భాగ్యలక్ష్మి గుంటలోకి దిగి నేస్తోంది. మొదట్లో పోగులు తెగ తెంపేది, ఇప్పుడు చెయ్యి తిరిగింది. నువ్వు నేసిన చీరకంటే అంచు తిన్నగా వస్తోంది. మొహం చిట్లించకు, ఉన్నమాటే రాస్తున్నాను.

అమ్మాయి రాజకుమారి ఎలా ఉంది, వైశాఖంలో పెళ్లి గదా, పనులు ఎంతవరకు వచ్చాయి అని అడిగావు. దానికి జవాబు చివర రాస్తాను. ముందే రాస్తే నువ్వు మిగతా కాగితం చదవవు.

ఇక నీ ఉత్తరం చివర గొణిగినట్టు రాశావే, ఆ ముక్క. నువ్వు రాసి మరిచిపోయి ఉంటావు. మళ్ళీ రాస్తున్నాను, చదువుకో.

“అక్కా, ఇక్కడి సున్నం మహా ఘాటు. ఎడమ బుగ్గ లోపల పొక్కి తెల్లగా మచ్చ కట్టింది. దసరా నాటి నుంచి ఉంది. ఈమధ్య ఒక పక్క గట్టిపడింది. కారం తగిలితే ప్రాణం పోతోంది, పళ్ళు తోముకుంటే రక్తం వస్తోంది. ఏం లేదులే, సున్నం పొక్కు. మన ఏలీయా దగ్గర గుల్ల సున్నం ఒక డబ్బా, కాడ పొగాకు ఒక కట్ట పంపించు. ఈ ముక్క నువ్వొక్కదానివే చదువుకో, భాగ్యానికి చదివి వినిపించకు. నాకేదో రోగమని గుడివాడ వాళ్ళ చెవిన పడితే సంబంధం చేజారుతుంది. పెళ్లయ్యాక ఎవరికైనా చూపించుకుంటాలే.”

ఒరేయ్ తాతారావూ, ఈ ముక్క ఎవరికి రాశావురా? వెంకట్రామయ్య పెళ్ళానికి రాశావు. మీ బావ నోట్లోంచి ఇవే మాటలు, ఇదే వరసలో, ఆ ‘ఏం లేదులే’తో సహా విన్నదానికి రాశావు. మీ బావకు పాడె కట్టినప్పుడు నువ్వు ముందు వైపు భుజం పట్టావు. ఆయన మొహం మీద గుడ్డ ఎందుకు తియ్యలేదో నీకు తెలుసు. అన్నీ చూసి కూడా, సున్నం డబ్బా పంపించు అని రాయడానికి నీకు సిగ్గు లేకపోయిందా?

మన ఇళ్లల్లో మగ్గం దగ్గర నిప్పు పనికిరాదు. ఒక్క నిప్పురవ్వ పడితే పడుగంతా బుగ్గి. అందుకని మనవాళ్ళకు చుట్ట అబ్బలేదు, పొగాకు బుగ్గన పెట్టుకోవడం అబ్బింది. సున్నం అంటిన చెయ్యి రంగు నూలుకు తగిలితే మచ్చ పడుతుంది గనక నేసేవాడు సున్నం ముట్టుకోడు. పక్కన కూర్చుని కండెలు చుట్టే ఆడది పొగాకులో సున్నం వేసి నలిపి ఉండ చేస్తే, ఆయన చేతిలో నాడె ఆడించడం ఆపకుండానే నోరు తెరుస్తాడు. నేను మీ బావకు ఎడమ పక్కన కూర్చునేదాన్ని. ఎడమ బుగ్గలోనే పెట్టేదాన్ని. పొద్దున్నే ఒకటి, అన్నం తిన్నాక ఒకటి, దీపాలవేళ ఒకటి. నిద్రపోతున్నప్పుడు కూడా బుగ్గలో ఒకటి ఉండాల్సిందే. మచ్చ సరిగ్గా నా వేలు తగిలే చోటే లేచింది. నీకూ ఎడమ బుగ్గే అంటున్నావు. మిల్లులో అగ్గిపుల్ల గీస్తే పని ఊడుతుంది గనక అక్కడా అదే అలవాటు సాగించావు.

మీ బావకు మచ్చ లేచినప్పుడు మేం చేసిన ఘనకార్యం ఏమిటో తెలుసా? సున్నం మార్చాం. బజారు సున్నం ఘాటని మానేసి దివిసీమ గుల్ల సున్నం తెప్పించాం. నీళ్ళమీద నీళ్ళు మార్చి దాన్ని చల్లార్చాం. బుగ్గకు వెన్నపూస రాశాం. కొబ్బరినూనె పుక్కిట పట్టించాం. పొగాకు మాత్రం మానిపించలేదు. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది అందుకే. సున్నం పొక్కితే నాలుగు రోజుల్లో తోలు లేచిపోయి మానుతుంది, మన ఇళ్లల్లో పసిపిల్లకైనా తెలుసు ఆ సంగతి. నెలల తరబడి ఉన్నదాన్ని పట్టుకుని సున్నం పొక్కు, సున్నం పొక్కు అని ఇంటిల్లిపాదీ జపం చేశాం.

ఆసుపత్రికి వెళ్దామంటే మీ బావ ఏమనేవాడో గుర్తుందా? “ఈ పడుగు దిగనీ, వెళ్దాం.” మగ్గం గురించి నీకు నేను చెప్పాలా? పాత పడుగు కొస ఇంకా మగ్గం మీద ఉండగానే కొత్త పడుగు పోగులు దానికి అతికేస్తారు. మగ్గం ఎప్పుడు ఖాళీ అవుతుంది? నేత పూర్తయి పడుగు ఎప్పుడు దిగుతుంది? ఒకటి దిగేలోగా ఇంకొకటి అతుకు పడింది. నేను రోజూ అడిగేదాన్ని, ఆయన రోజూ తల ఊపేవాడు. ఇప్పుడు నువ్వు పెళ్లయ్యాక అంటున్నావు. పెళ్లయ్యాక మనుగుడుపులు అంటావు. ఆ తర్వాత ఆషాఢం అంటావు. నీ పడుగూ దిగదు.

తర్వాత ఏమైందో సగమే నీకు తెలుసు. నువ్వు మిల్లుకు వెళ్లిపోయావు, ఆయన పోయే రోజుకు వచ్చావు. మిగతా సగం చదువు. మొదట కారం మండింది. ఆ తర్వాత ఉప్పు కూడా మండింది. మచ్చలో ఒక చోట ఎర్రగా పగిలి, అంచులు గట్టిపడి, వేలితో తడిమితే లోపల గవ్వ ఉన్నట్టు తగిలేది. గట్టి పన్ను ఊరికే కదిలిపోయింది. పుండు బుగ్గలో ఉంటే నొప్పి చెవిలో పొడిచేది. చెవిపోటని చెవిలో వెల్లుల్లి నూనె పోశాను, చూడు నా తెలివి. నోరు నానాటికీ బిగుసుకుపోయి, అన్నం ముద్ద పెట్టబోతే వేళ్ళు పట్టలేదు. అప్పుడు దవడ కింద గడ్డ కట్టింది. అప్పుడు, అన్నీ అయ్యాక, మద్రాసు రైలెక్కాం.

అక్కడి డాక్టరు గారు మంచివాడే. దీపం వేసి చూసి, మెడ తడిమి, “రాచపుండమ్మా. ఇది మచ్చగా ఉన్నప్పుడు ఎందుకు రాలేదు?” అని అడిగాడు. పడుగు దిగలేదండీ అని ఆయనకు ఎలా చెప్పను? కరెంటు పెట్టారు, అంటే కిరణాలతో పుండును కాల్చారు. నొప్పి కొంచెం తగ్గింది. అంతకుమించి చెయ్యడానికి మేం ఏమీ మిగల్చలేదని ఆయన మెల్లిగా చెప్పాడు. ఇంటికొచ్చాక బుగ్గకు చిల్లు పడింది. గంజి పోస్తే ఇటు నుంచి పోసింది అటు నుంచి కారేది. ఆ వాసనకు చుట్టాలు వీధి అరుగు మీద నుంచే పలకరించి వెళ్ళేవాళ్ళు. ఇదంతా చదవడానికి నీకు రోతగా ఉందా? ఉండనీ. రోత పుట్టాలనే రాస్తున్నాను.

నీ ఉత్తరం నువ్వు చెప్పినట్టు నేనొక్కదాన్నే చదువుకోలేదు. భాగ్యానికి గట్టిగా, నువ్వు వద్దన్న మాటతో సహా చదివి వినిపించాను. నీ పెళ్ళాం మగ్గం గుంటలో అలాగే కూలబడిపోయింది. పొద్దున్నే దాన్ని వెంటబెట్టుకుని బందరులో మన డాక్టరు గారి దగ్గరకు వెళ్ళాను. నీ ఉత్తరం ఆయన చేతికే ఇచ్చాను. చదివి, కళ్ళజోడు తీసి నా వంక చూశాడు.

“ఈయన ఎక్కడుంటాడమ్మా?”

“బొంబాయిలోనండీ. వర్లీలో. మిల్లు పనండీ.”

“బొంబాయిలో ఉండి, నోట్లో మచ్చ గురించి పెడనకు ఉత్తరం రాశాడా?”

“రాశాడండీ.”

“అమ్మా, ఈ రోగానికనే కట్టిన పెద్దాసుపత్రి పరేల్లో ఉంది. వర్లీకి పక్కనే. ఎక్కడెక్కడి నుంచో జనం రైళ్ళెక్కి అక్కడికి వస్తారు. మీవాడు ఆ గోడ పక్క నుంచి నడిచి మిల్లుకు వెళ్తూ ఉంటాడు.”

నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఊరు కాని ఊరు పంపించి, రాసుకోవడం చదువుకోవడం నేర్పించి మనవాడు ప్రయోజకుడయ్యాడనుకుంటే, మందు ఉన్న వీధిలో కూర్చుని సున్నం కోసం ఉత్తరం రాశావు. డాక్టరు గారి ముందు నిన్ను వెధవ అనలేక నాలుక కొరుక్కున్నాను. ఇప్పుడంటున్నాను.

ఆయన ఏం చెప్పాడో రాస్తాను. గోడకు కొట్టుకుంటావో గుండెలో పెట్టుకుంటావో నీ ఇష్టం. సున్నం తప్పేమీ లేదట, ఉంటే కొంచెమట. అసలు నేరం పొగాకుది. ఒకే చోట ఏళ్ల తరబడి ఊరబెడితే ఆ చోట తోలు ముందు తెల్లబడుతుంది, తర్వాత చెడుతుంది. వక్క కలిస్తే ఇంకా చేటు. చుట్ట కాల్చేవాళ్ళకు, అందులోనూ నిప్పు కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చే ఆడవాళ్ళకు అంగిట్లో లేస్తుంది. కల్లూ సారా పైన పడితే నిప్పుకు కిరసనాయిలు. ఇవి ఆయన మాటలే. తెల్లమచ్చలన్నీ రాచపుండు కావట, కొన్ని పొగాకు మానేస్తే వాటంతటవే పోతాయట. ఈ మాట నీకోసం ఒకటికి రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాను. కాని మూడు వారాలకు మానని పుండు ఏదైనా, నొప్పి ఉన్నా లేకపోయినా, చూపించుకోవాల్సిందేనట. గట్టిపడటం, రక్తం రావడం మంచి గుర్తులు కావట. నీకు రెండూ ఉన్నాయి.

మచ్చలోంచి గోరంత ముక్క తీసి భూతద్దం కింద పెట్టి చూస్తారట. రాచపుండు కాకపోతే ఇంటికి పొమ్మంటారు. అయితే, చిన్నగా ఉన్నప్పుడే అంతమేరా కోసి తీసేస్తారు, లేదంటే రేడియం సూదులు పెడతారు, కరెంటు పెడతారు. మెడలోకి దిగితే మాత్రం కోత పెద్దది. “ఇప్పుడు వెళ్తే బతికే రోగం, ఆరు నెలలు ఆగితే నేను చెప్పలేనమ్మా” అన్నాడు. బయటకొచ్చాక భాగ్యం రిక్షా ఎక్కబోతూ, “వదినా, ఇప్పుడు అంటే ఎప్పుడు?” అంది. నీ పెళ్ళాం అమాయకురాలు. కాని ఆ అడిగిన మాట నీకు తట్టలేదు.

ఏలీయా దగ్గర సున్నం కొనమన్నావు గదా. కొనడానికి కాదు గానీ అతనొస్తే పిలిచాను. అవనిగడ్డ అవతల నుంచి ఆ సున్నపు బస్తాలతో ఇప్పటికీ వస్తున్నాడు. నువ్వు వెళ్ళాక అతనికి కుడి బుగ్గ లోపల లేస్తే, తెలిసినవాళ్ళెవరో బలవంతాన మిషను ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కోసేశారు. బుగ్గ కొంచెం లోపలికి పోయి, నవ్వితే మూతి ఒక పక్కకు లాగుతుంది. అంతే.

“నేనే సున్నం కాల్చి అమ్ముకునేవోణ్ణి గదమ్మగారూ. నేను కూడా సున్నం మీదే నేరం మోపాను. నా సరుకును నేనే తిట్టుకున్నాను. పొగాకును మాత్రం పల్లెత్తు మాట అనలేదు,” అన్నాడు.

“ఇప్పుడేం తింటున్నావు ఏలీయా?”

“పులుసేసుకుని చేపలు తింటన్నాను. కారం బాగానే తింటన్నాను. తమ్ముడుగారికి భయపడొద్దని రాయండి. కత్తంటే నాకూ వణుకే. కానీ ఆ వణుకు ఒక్క పూట.”

రాశాను. అతని మాట అతని మాటగానే రాశాను. అతనికి నోరు ఉంది, ఆ నోటితోనే నీకోసం చెప్పాడు. ఈ ఉత్తరంతో పాటు పంపుతున్న పార్సిలు విప్పితే అందులో నీకు పొగాకు ఉండదు, సున్నం ఉండదు. మీ బావ అద్దం ఉంటుంది. గెడ్డం గీసుకునే ఆ చిన్న అద్దం, మూల పగిలింది. ఆయన పొద్దున్నే కిటికీ దగ్గర నిలబడి దాంట్లో తన బుగ్గ చూసుకుని, “ఇవాళ కొంచెం తగ్గినట్టే ఉంది” అనేవాడు. ఎండలో నిలబడు. బుగ్గ వేలితో పక్కకు లాగి చూసుకో. నాలుక ఎత్తి కింద కూడా చూసుకో. తగ్గినట్టే ఉందని అబద్ధం చెప్పుకోవాలనిపిస్తే ఆ అద్దం ఎవరిదో తలుచుకో.

నీ సాకులు నాకు తెలుసు. మిల్లులో సెలవు దొరకదంటావు. మనిషి పోతే మిల్లు ఆగుతుందా? కత్తి భయం అంటావు, అది ఒప్పుకుంటాను. కాని అసలు సాకు వేరే. సంక్రాంతికి ముందు రాసిన ఉత్తరంలో నీ కొత్త సిల్కు చొక్కా సంగతి రాశావు, ఫోటోగ్రాఫరును బందరు నుంచి పిలిపించమన్నావు. అల్లుడి కాళ్ళు కడిగి కన్యాదానం చేసేటప్పుడు గుడివాడ వాళ్ళందరి ముందు నీ మొహం చందమామలా ఉండాలి. మొహానికి కట్టుతో పీటల మీద కూర్చోవడం నీకు నామోషీ. అదీ నీ రోగం. బుగ్గలో ఉన్నది తర్వాతది.

ఇక పెళ్లిపనుల సంగతికి వస్తున్నాను. కూర్చుని చదువు.

నేను గుడివాడ వెళ్ళాను. భాగ్యానికి చెప్పలేదు, పిల్లకు చెప్పలేదు. నూలు కోసం బందరు వెళ్తున్నానని అబద్ధమాడి ఎదురు దిక్కు రైలెక్కాను. పెళ్లికొడుకు కాంతారావు వాళ్ళ ఇంటికే తిన్నగా వెళ్ళాను. అతను కొట్టుకు వెళ్ళాడు. వాళ్ళమ్మ రావమ్మ గారు పిండి విసురుకుంటోంది, వాళ్ళ నాన్న వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు.

“రండి రండి వదినగారూ, కబురైనా లేకుండా వచ్చారు. ముహూర్తం ఏమన్నా మారిందా ఏంటి?” అంది.

“ముహూర్తం కాదండీ. మా తమ్ముడి సంగతి చెబుదామని వచ్చాను,” అన్నాను.

చెప్పాను. నువ్వు రాసింది, డాక్టరు గారు అన్నది, మీ బావకు జరిగింది, ఏమీ దాచలేదు. రావమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఇది అంటుకుంటుందాండీ?”

“అంటుకోదండీ. మా ఆయన తిన్న కంచంలోనే నేను తిన్నాను. గుండ్రాయిలా ఉన్నాను చూడండి.”

“అదికాదండీ, వంశంలో నడుస్తుందంటారు. మీ ఆయనకీ, ఇప్పుడు మీ తమ్ముడుగారికీ...”

“మా ఆయనదీ మా తమ్ముడిదీ ఒక వంశం కాదు గదండీ. వాళ్ళిద్దరికీ కలిసింది పొగాకు ఒక్కటే. మా పిల్ల దాన్ని చేత్తో కూడా ముట్టుకోదు.” అక్కడితో ఆగొచ్చు. ఆగలేదు. నా నోటి సంగతి నీకు తెలుసు గదా. “ఇందాకటి నుంచీ అన్నయ్యగారు ఊఁ ఊఁ అంటున్నారు గానీ మాట్లాడటం లేదు. ఆయన బుగ్గలో ఉన్నదేంటో అది కూడా ఓసారి చూసుకోండి,” అన్నాను.

ఆయన లేచి పెరట్లోకి వెళ్ళి ఉమ్మేసి వచ్చాడు. వచ్చి మళ్ళీ మంచం మీద కూర్చోలేదు.

రావమ్మ గారు లోపలికి వెళ్ళి చాలాసేపటికి తిరిగొచ్చింది. మనం ఇచ్చిన తాంబూలం పళ్ళెం, వాళ్ళు పిల్లకు పెట్టిన చీరకు బదులు వాళ్ళబ్బాయికి మనం పెట్టిన పంచెలచాపు, అన్నీ తెచ్చి నా ముందు పెట్టింది. “మీరు ఇంత దూరం వచ్చి ఉన్నదున్నట్టు చెప్పారు, మీకు దండం పెట్టాలి వదినగారూ. కానీ మేమూ నలుగురిలో బతకాలి గదండీ. పెళ్లయ్యాక తెలిసుంటే ఆ పిల్లను ఏమనేదాన్నో నాకే తెలీదు,” అంది. మంచినీళ్ళు ఇచ్చింది. తాగాను. అవి పట్టుకుని రైలెక్కాను. గుడ్లవల్లేరు దాటేదాకా కిటికీలోంచి బయటకే చూశాను, ఏం చూశానో తెలియదు.

అదీ సంగతి. నీ కూతురి సంబంధం నేను చెడగొట్టాను. ఎవరో చెడగొట్టారని, వాళ్ళే ఎగరగొట్టారని అనుకుంటావేమో, కాదు. నేనే వెళ్ళి, తెలిసి, కావాలని చెడగొట్టాను. నీకు చెప్పి చూడొచ్చు గదా అంటావు. మీ బావకు రోజూ చెప్పాను. చెబితే వినే మగవాళ్ళు మన ఇంట్లో పుట్టలేదు, మన ఇంటికి రాలేదు. మగ్గం మీదున్న పడుగును కత్తెర పెట్టి కొయ్యడం అశుభమంటారు మనవాళ్ళు. మీ బావ పడుగు ఎవరూ కొయ్యలేదు. నీది నేను కోశాను. ఇప్పుడు నీకు వైశాఖం లేదు, పీటలు లేవు, ఫోటోగ్రాఫరు లేడు. ఆగడానికి ఒక్క వంక కూడా నేను మిగల్చలేదు.

ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడటం లేదు. భాగ్యం ఆ పళ్ళెం చూసి, “ఎంతపని చేశావు వదినా” అంది, ఆ తర్వాత నాకు కంచం పెడుతోంది గానీ మొహం చూడటం లేదు. రాజకుమారి ఒక్కమాటే అంది. “నాన్నకు చెప్పొచ్చు, మాకు చెప్పొచ్చు. వాళ్ళకెందుకు చెప్పావత్తయ్యా?” దానికి ఆ అబ్బాయి నచ్చాడురా. అది నాకు తెలుసు. తెలిసే వెళ్ళాను. నిన్న సాయంత్రం అది అటక ఎక్కి, నీకోసం దాచిన కాడ పొగాకు కట్టలన్నీ దించి, పొయ్యిలో పెట్టి తగలేసింది. ఇల్లంతా ఘాటెక్కి ముగ్గురం ఒకటే దగ్గు. కళ్ళవెంట నీళ్ళు.

భాగ్యం వాళ్ళ అన్న రమణను వెంటబెట్టుకుని బొంబాయి వస్తోంది. ఈ ఉత్తరం వెనకాలే వస్తుంది. వచ్చేదాకా ఆగకు. ఈ కాగితం మడిచి జేబులో పెట్టుకుని పరేల్ వెళ్ళు. వాళ్ళు ఏ భాషలో అడిగినా నోరు తెరిచి చూపించు, ఆ మాత్రం భాష అందరికీ అర్థమవుతుంది. దారిలో బుగ్గలో ఉన్నది ఉమ్మేసి వెళ్ళు.

నాకు భయంగా ఉందిరా. ఇంత తిట్టీ ఈ మాట రాయకపోతే అబద్ధమవుతుంది గనక రాస్తున్నాను.

నన్ను తిట్టుకో. మేనత్తయి ఉండీ మేనకోడలి గొంతు కోసిందను. మొగుణ్ణి మింగింది చాలక తమ్ముడి పరువు మింగిందను. నీకు ఏం తోస్తే అది అను, కాని ఉత్తరంలో రాయకు. పెడన వచ్చి, నన్ను వీధిలో నిలబెట్టి, నలుగురూ వినేలా నోరారా తిట్టు. మీ బావ పోయే ముందు రోజు నా చెయ్యి పట్టుకుని ఏదో అన్నాడు. తిట్టాడో, దీవించాడో, మంచినీళ్ళే అడిగాడో, ఆ నోట్లోంచి వచ్చింది నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమని అడిగాను. మళ్ళీ చెప్పాడు. మళ్ళీ అర్థం కాలేదు. నువ్వు తిట్టే ప్రతి మాటా నాకు స్పష్టంగా వినబడాలి. అంత నోరు మిగుల్చుకుని రా.

ఇట్లు,
నువ్వు మొహం చూడనన్నా నీకు తప్పని తోబుట్టువు,
అక్క వెంకాయమ్మ.